ఉమ్మనీరు

దుప్పటి ఒక కొస అత్త, ఇంకో కొస కోడలు పట్టుకుని ఇస్త్రీ రోలరుకి అందిస్తున్నారు. మధ్యాహ్నం నుంచీ కోడలు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉంది. ఏడో నెల కడుపు యంత్రం అంచుకి తగలకుండా నడుము వెనక్కి వంచి నిలబడింది.

"వెళ్ళాలా?" అని అడిగింది అత్త, పెదవులు పెద్దగా కదపకుండా.

"పర్లేదు. ఈ ట్రాలీ అయిపోనీ."

"ఇది అయిపోతే ఇంకోటి వస్తుంది. వెళ్తావా, వెళ్ళవా?"

"అటు వాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారత్తా."

అటు ఇద్దరంటే, రోలరు అవతల ఇస్త్రీ అయి వచ్చిన దుప్పట్లని అందుకుని మడతపెట్టే ఆడవాళ్ళు. హోటళ్ళలో ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. ఒక రోలరుకి నలుగురు. ఒకరు పక్కకి వెళ్తే మిగిలిన ముగ్గురి చేతులూ ఆగిపోతాయి, మడతలు తగ్గితే నలుగురికీ కూలి తెగుతుంది. యజమాని తెలివైనవాడు. మరుగుదొడ్డికి తాళం వెయ్యలేదు, వెళ్ళొద్దని బోర్డూ పెట్టలేదు. ఒకరి పొట్టకి ఇంకొకరిని కాపలా పెట్టి హాయిగా ఊరుకున్నాడు.

అందుకని అక్కడి ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. ఆవిరికి ఒళ్ళంతా చెమట కారుతున్నా నోరు తడుపుకుని ఉమ్మేస్తారు. ఈ విద్య కోడలికి నేర్పింది అత్తే. "పొద్దున ఒక గ్లాసు, ఇంటికెళ్ళాక ఒక గ్లాసు. మధ్యలో దాహమేస్తే వేరే సంగతి ఆలోచించు. కొన్నాళ్ళు కష్టం, తర్వాత ఒళ్ళే మాట వింటుంది" అని, పనిలోకి తీసుకొచ్చిన రోజునే చెప్పింది. పిల్ల చురుకైంది. నెల తిరక్కుండానే అత్తని మించిపోయింది. హాల్లో అందరూ కలిసి "ఒంటె" అని పేరు పెట్టారు, ముద్దుగానే. అత్త కూడా మురిసిపోయి, మా ఒంటె అంటూ పదిమందికీ చెప్పుకుంది.

నిన్న స్కానింగు గదిలో ఆ మురిపెం కాస్తా దిగిపోయింది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా?" అని అడిగింది డాక్టరు.

"రెండే గ్లాసులండీ" అంది కోడలు, పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పినట్టు.

డాక్టరు తెర మీంచి కళ్ళు ఇటు తిప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని నెమ్మదిగా చెప్పింది. తల్లి ఒంట్లో నీళ్ళుంటేనే బిడ్డకి నెత్తురు సరిగ్గా అందుతుందట. బిడ్డ ఆ నీటినే మింగుతుంది, మళ్ళీ అందులోనే పోస్తుంది. అలా తిరుగుతూ ఉంటేనే ఊపిరితిత్తులు పెరుగుతాయి, కాళ్ళూ చేతులూ ఆడతాయి.

"అందులోనేనా?" అని కోడలు నవ్వేసింది. "మనకన్నా వాడే నయం. ఎవర్నీ అడగక్కర్లేదు."

డాక్టరు నవ్వలేదు. ఆపుకుని ఆపుకుని మూత్రంలో చీము చేరిందనీ, దానివల్ల నెలలు నిండకుండానే ఉమ్మనీటి సంచి పగిలే ప్రమాదం ఉందనీ చెప్పి మాత్రలు రాసింది. నీళ్ళు బాగా తాగమంది, పని మానేసి పడుకోమంది. "మూత్రమైతే బిగబడితే ఆగుతుంది. ఉమ్మనీరు ఆగదు. అలా కారుతూనే ఉంటే మాత్రం పరుగెత్తుకు రండి" అంది చివర్లో.

పక్కనున్న అత్త అన్నీ విన్నది. తాను నేర్పిన విద్యే పుట్టని మనవణ్ణి ఎండబెట్టిందన్న సంగతి మాత్రం ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఇంటికి వస్తూ దారిలో కోడలు, "నీకేం తెలుసత్తా, నువ్వూ అలాగే కన్నావు కదా" అని తనే ఊరడించింది. అది ఇంకా బాధపెట్టింది.

పొద్దున్నే అత్త సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి సెలవు అడిగింది. అతను పడుచువాడే, మర్యాదస్తుడే.

"ఇవాళ పెద్ద హోటల్ వాళ్ళు మన లాండ్రీ చూడ్డానికి వస్తున్నారు పెద్దమ్మా. ఇప్పుడు మానేస్తే ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమంటారు పైవాళ్ళు. నా చేతుల్లో ఏముంది?"

"పోనీ, కూర్చుని చేసే పనేదైనా ఇప్పించండి సార్."

"ఇక్కడ కూర్చుని చేసే పని నాదొక్కటే" అన్నాడు అతను, జోకు వేశాననుకుని.

కొడుకు లారీ మీద వెళ్ళి వారమైంది. ఇల్లు ఈ ఇద్దరి కూలి మీదే నడుస్తోంది. అత్త ఇంటినుంచి సీసాతో నీళ్ళు తెచ్చి, దగ్గరుండి మొత్తం తాగించింది. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావాలని ఆమెకి తెలుసు. అందుకు దారి చూపించడమే చేతకాలేదు. కోడలు ఒకసారి వెళ్ళొచ్చేసరికి, "ఇవాళ మన కూలంతా కాలవలో పోతోంది" అని అవతలి ఆవిడ ఒకతె గొణిగింది. చెడ్డ మనిషేం కాదు, ఆవిడ ఇంట్లోనూ తినే నోళ్ళున్నాయి. ఆ మాట కోడలి చెవిన పడింది. అప్పట్నుంచీ ఇలా కాళ్ళు మార్చుకుంటోంది.

"వెళ్ళవే, వాళ్ళకి నేను చెప్పుకుంటాను" అంది అత్త.

కోడలు సరేనన్నట్టు తలూపింది. ఒక్క అడుగు వేసి ఆగిపోయింది.

"అత్తా."

పాదాల మధ్య సిమెంటు నేల తడిసి ఉంది. అత్త చప్పున రోలరు ఆపేసింది.

"ఆపుకోలేకపోయాను" అంది కోడలు, తలెత్తకుండా. హాలంతా ఇటే చూస్తోంది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతోంది. అత్త మాత్రం అది మూత్రమే అయితే చాలు దేవుడా అనుకుంది. సిగ్గుదేముంది, కడిగేస్తే పోతుంది. కింద కూర్చుని, ఆ తడిని వేళ్ళతో అద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తెలియలేదు. ఏళ్ళ తరబడి బ్లీచింగ్ ఘాటు పీల్చిన ముక్కు అది. ఇంట్లో కూర మాడినా పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలి.

"బిగబట్టమ్మా. ఒక్కసారి గట్టిగా బిగబట్టి చూడు."

కోడలు కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. ఆ హాల్లో ఆ పని అంత బాగా ఇంకెవరికీ చేతకాదు. చీర అంచు కింద తడి నేల మీద మెల్లగా పాకుతూనే ఉంది.

"బిగబట్టానత్తా. ఆగట్లేదు."

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. "అంబులెన్సు పిలవండి సార్, ఉమ్మనీరు పోతోంది" అంది అత్త. అతను జేబులోంచి ఫోను తీశాడు, తీసి తలుపు వైపు చూశాడు.

"పిలుస్తాను పెద్దమ్మా, తప్పకుండా పిలుస్తాను. హోటల్ వాళ్ళు కింద కారు దిగారు. ముందు ఆమెని అవతలికి నడిపించి ఇది తుడిచెయ్యి. తెల్ల దుప్పట్ల దగ్గర ఈ తడి చూస్తే నా ఉద్యోగం కూడా పోతుంది."

తుడుపుగుడ్డ తనే తెచ్చి ఇచ్చాడు. అత్త చెయ్యి అలవాటు కొద్దీ అందుకుంది.

"తుడవను" అంది.

పెద్ద గొంతుతో ఏమీ అనలేదు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమే కాస్త బెదిరింది. గుడ్డని పక్కన పడేసి, పెద్ద హోటల్ వాళ్ళకి చూపించడానికి బల్ల మీద పేర్చిన దుప్పట్ల కట్టని కిందికి లాగింది. కూలి పోతోందని గొణిగిన ఆవిడ ఒక్క క్షణం చూసి, రెండో కట్ట తెచ్చి పరిచింది. ఇద్దరూ కలిసి కోడల్ని వాటి మీద పడుకోబెట్టి, నడుము కింద ఇంకొన్ని మడతలు ఎత్తుగా పెట్టారు.

"ఫోను చెయ్యండి సార్" అంది ఆ గొణిగిన ఆవిడే. అతను నంబరు నొక్కుతున్నాడు.

"వాడు కదుల్తున్నాడా?" అని అత్త అడిగింది.

కోడలు పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"తెలీట్లేదత్తా."

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. పై దుప్పటి తడిసిపోయింది. అత్త దాని కింద చెయ్యి పెట్టి చూసింది. రెండోది కూడా తడుస్తోంది.