తుడిచిన నేల మీద కరెంటు

పొద్దున్నే ముందుగది తుడవడం, తుడిచాక కరెంటుని కేకలేయడం అమ్మకి అలవాటు.

"ఆరనియ్యమ్మా కాస్త. ఇప్పుడే తుడిచానా లేదా?"

కరెంటు గోడకున్న తెల్ల డబ్బాలోనే ఆగేది. నేల ఆరాక దిగి టీవీ దాకా నడిచి వెళ్ళేది. నడిచినచోటల్లా లేత ఎండముక్కల్లాంటి అడుగులు పడేవి. ముందుది పడేలోగా వెనకది ఆరిపోయేది. తీగల్లో ఉన్నన్నాళ్ళూ కరెంటు వచ్చింది, కరెంటు పోయింది అనుకోవడమే తప్ప, ఎలా వస్తుందో ఎలా పోతుందో ఎవరూ చూడలేదు. తీగ తీసేశాక నేల మీద నడవక ఏం చేస్తుంది పాపం.

ఆ డబ్బా బిగించింది ఇంటి చిన్నకూతురే. పసితనంలో ఎక్కడ ప్లగ్గు కనబడితే అక్కడ పీకేసేదని అందరూ ఆమెని 'ప్లగ్గు' అనే పిలుస్తారు. ఇప్పుడు ఆమె ఉద్యోగం ప్లగ్గులేని టీవీలు పెట్టడం. ఈ గోడకి డబ్బా, ఆ గోడకి టీవీ, మధ్యలో తీగన్నది ఉండదు. కంపెనీ చొక్కా జేబు మీద నీలిదారంతో కుట్టిన మెరుపు గుర్తుని బస్సులో కూర్చుని కూడా వేలితో తడుముకునేది. చీకటి పడేవేళకి తను బిగించిన గదులన్నిట్లో ఆ అడుగులు వెలుగుతుంటాయని తల్చుకుంటే చాలు, ఆమెకి ఒళ్ళు దూదిపింజలా తేలిపోయేది.

నెలలు నిండుతుండగా అక్క ఆ ఇంటికి వచ్చింది. మెట్లెక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బావ కాపురముండేదేమో లిఫ్టు లేని మూడో అంతస్తు. ముందుగదిలో తప్ప మంచానికి చోటు లేదు. తీరా వేసి చూస్తే, మంచం సరిగ్గా డబ్బాకీ టీవీకీ నడిమధ్యన పడింది.

బావ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం ప్లగ్గూ, మీ అక్కని నడిరోడ్డు మీద పడుకోబెట్టావేంటి?"

"మనుషులు అడ్డున్నా ఏం కాదు బావా. మాకు నేర్పిందే అది."

"తీగలో ఉంటే ఎక్కడుందో తెలుస్తుంది, ముట్టుకోం, అయిపోతుంది. ఇదేమో ఇల్లంతా షికార్లు చేస్తోంది."

"ఎక్కడుందో కనబడుతూనే ఉందిగా?"

"కుక్క కూడా కనబడుతుంది. కరవదని రాసిస్తావా?"

అక్క నవ్వాపుకుంటూ, "ఈయన్ని ఇవాళ బస్సే కరిచినట్టుంది. ముందు టీ ఇవ్వమ్మా" అంది.

బావ నవ్వలేదు. "అత్తయ్యా, ఆదివారం దాకా చూస్తాను. డబ్బా తీసేస్తే సరే. లేదంటే నేనే మీ అమ్మాయిని మెట్లెక్కించి తీసుకెళ్తాను."

ఆ మాట ప్లగ్గు మనసులో ముల్లులా దిగబడింది. కరెంటు అక్కకి సోకుతోందేమోనని మంచం పక్కన మీటరు పెట్టి చూసింది. మీటరు ముల్లు కదల్లేదు. అయినా నిద్ర పట్టలేదు. మీటరుకేం తెలుసు, దానికి అక్క లేదుగా. కంపెనీవాళ్ళు లెక్కలేసింది పెద్దవాళ్ళకి. ఇక్కడ అక్క కడుపులో, ఇంకా లోకం చూడని గుండె ఒకటి కొట్టుకుంటోంది.

అందుకే అడుగుల్నే కనిపెట్టి చూడసాగింది. ఇదివరకు డబ్బా దిగి తిన్నగా టీవీ దగ్గరికి వెళ్ళే కరెంటు, ఇప్పుడు మంచం కాళ్ళ దాకా వచ్చి ఆగుతోంది. పడుకున్న మనిషిని దాటడం ఇష్టంలేనట్టు పక్కకి తిరిగి, అమ్మ కుట్టుమిషను కిందుగా దూరి, చుట్టూ తిరిగి వెళ్తోంది. అందుకే టీవీ కాస్త ఆలస్యంగా వెలుగుతోంది. ఎవరు చెప్పారు దానికి? ఆమె ఛాతీ గర్వంతో పొంగింది, సొంత కూతురు పెద్దమనిషిలా నడుచుకున్నట్టు.

ఆదివారం మధ్యాహ్నం బావకి అదే చూపించింది. "పక్కనుంచి పోతే మాత్రం? పోయేది ఈ గదిలోనేగా" అన్నాడు.

ప్లగ్గు స్టూలు తెచ్చింది. అక్క కన్నా తన డబ్బా ఎక్కువా? స్టూలెక్కి పై స్క్రూ విప్పసాగింది. కళ్ళు మసకబారాయి. అంతలో సీరియల్ మధ్యలో టీవీ ఆరిపోయింది.

"అయ్యో, కరెంటు పోయిందే" అంది అమ్మ.

"నేనింకా ఆపలేదమ్మా."

అందరూ నేలకేసి చూశారు. కరెంటు ఎక్కడికీ పోలేదు. మంచం పక్కన, అక్క కడుపుకి సరిగ్గా దగ్గర, రెండు పాదాలు పక్కపక్కన వెలుగుతున్నాయి, ఆరకుండా. చూస్తుండగానే అవి గుమ్మం దాకా పరిగెత్తాయి, మళ్ళీ మంచం దగ్గరికి వచ్చాయి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాయి.

ప్లగ్గు స్టూలు మీంచి దూకింది. "అక్కా, ఎలా ఉంది నీకు? నిజం చెప్పు."

"బానే ఉన్నానే. బిడ్డే... పొద్దుట్నుంచి కదల్లేదు. పడుకుందేమో అనుకున్నా."

బావ అక్కని రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. ప్లగ్గు ఆటో ఆపింది.

ఆస్పత్రిలో తలుపు మీది ఎర్రదీపం ఆరి డాక్టరమ్మ బయటికొచ్చేసరికి, బావ చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"పేగు మెడకి చుట్టుకుంది. కొంచెం ఆలస్యమైతే చెయ్యగలిగిందేమీ ఉండేది కాదు. వేళకి తెచ్చారు" అంది. లోపల్నుంచి పాప ఏడుపు వినిపించింది, గొంతు బాగానే ఉంది.

తల్లీబిడ్డలు ఇంటికొచ్చిన రోజు అమ్మ గది తుడిచింది. కరెంటు డబ్బాలోనే ఆగింది. ఒక స్క్రూ ఊడి, డబ్బా ఓ పక్కకి ఒరిగి వేలాడుతోంది. బావ స్టూలు లాక్కుని ఎక్కి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు.

"స్క్రూడ్రైవరేదీ, ప్లగ్గూ?"

"కుడి వైపుకి తిప్పు బావా. నువ్వు బస్సు తిప్పినట్టు తిప్పకు."

నేల ఆరింది. కరెంటు దిగి నడిచింది, మునివేళ్ళ మీద. మడమల గుర్తులే పడలేదు. టీవీ గొంతు కూడా ఎవరూ తగ్గించకుండానే తగ్గింది. మంచం పక్కకి వచ్చి కాసేపు ఆగింది. ఈసారి బావ చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఎదురింటాయన గుమ్మంలోంచి తొంగి చూసి, "తీగ లేకుండా ఏంటయ్యా ఇది, పసిపిల్ల ఉన్న ఇంట్లో? ఎవరు పెట్టించారు?" అన్నాడు.

"పెట్టించలేదండీ" అన్నాడు బావ, పాపని భుజాన వేసుకుంటూ. "మా ప్లగ్గు పెట్టింది. కొంచెం మెల్లిగా మాట్లాడండి, కరెంటు జోకొడుతోంది."