తప్పు నాదే

నమలొంబా చొక్కా కాలరు తిప్పి కుడుతున్నాడు. లింబే బజారులో, కొట్టు అరుగు మీద ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఇదే: చిరిగిన పక్కను లోపలికి మడవడం, బాగున్న పక్కను లోకానికి చూపించడం. కాళ్లు మిషను తొక్కుతున్నాయి గాని మనసు అక్కడ లేదు. అప్పీలుకు ముప్పై రోజుల గడువు. ఇది ఇరవై ఎనిమిదో రోజు.

"మళ్ళీ వకీలు దగ్గరికేనా అన్నా?" పక్క మిషను బ్వనాలి నవ్వాడు. "ఇద్దరు తరిమారుగా! మూడోవాడు కుక్కని వదుల్తాడు చూడు."

"వదల్నీరా. కుక్కైనా నా మాట ఆఖరిదాకా వింటుందేమో."

మేనల్లుడు దలిత్సో మొక్కజొన్న గోదాములో హమాలీ. బస్తాలు పోతే వాణ్ణి పట్టుకున్నారు. ఆ వారమంతా వాడు మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరూ అడగలేదు. అక్కచెల్లెళ్ల పిల్లలకు మేనమామే దిక్కు, మేనమామే నోరు. ఊరిపెద్ద ముందు నమలొంబా ఎన్ని తగవులు మాట్లాడి గెలిచాడో లెక్కలేదు. అక్కడ నేరం ఉన్నా లేకపోయినా ముందు మోకరించి, మెల్లగా చేతులు తట్టి, "తప్పు నాదే, క్షమించండి" అనాలి. ఆ మర్యాద అయ్యాకే విచారణ. మేనల్లుడికి అదే నేర్పి పంపాడు. కోర్టులో వాడు మోకరించి అదే అన్నాడు. మేజిస్ట్రేటు రాసుకున్నాడు. ఇక విచారణే లేదు. ఆరేళ్ల జైలు. మర్యాదకీ నేరానికీ తేడా అంత చదివినవాడికి తెలియలేదు. తెలిసినా ఆయనకేం పోయింది?

ఉచిత న్యాయ సహాయం ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద రెండుసార్లు ఆగి గుండె అదుముకున్నాడు. వకీలు తియమికేది ఆయన కూతురి వయసు. కాగితాలు తిరగేసింది.

"నేరం ఒప్పుకున్నాడుగా, పెద్దాయనా?"

"ఒప్పుకోలేదమ్మా. దణ్ణం పెట్టాడు."

ఆమె తలెత్తింది. "అలా అనమని ఎవరు చెప్పారు?"

ఆ ఇద్దరు వకీళ్ల దగ్గరా "వాడే భయపడి అన్నాడు" అనేశాడు. ఈసారి అలా అనలేదు.

"నేనే."

"ఆ మాట ప్రమాణపత్రంలో రాయాలి. మీ ఊళ్లో అందరికీ తెలుస్తుంది. ఇక మిమ్మల్ని ఏ తగవుకీ పిలవరేమో."

"పిలవకపోతే పీడా పోయె. రాయి తల్లీ."

ఆమె రాసి చదివి వినిపించింది. పక్క గదిలో అధికారి ముందు ప్రమాణం చేయించి వేలిముద్ర వేయించింది. "కేసు నాది. రేపే వేస్తాను."

నమలొంబా అరుగు మీదికి తిరిగొచ్చాడు. "కుక్క లేదురా. ఆడపిల్ల. ఆఖరిదాకా వింది," అని మిషను ముందు కూర్చున్నాడు. తల వంచాడు. సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడనుకున్నాడు బ్వనాలి.

"కళ్లు కనపడట్లేదా అన్నా? ఇటియ్యి," అని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే, ఆ చావు కబురు అందకముందే, తియమికే అప్పీలు దాఖలు చేసింది. గుమస్తా పైకాగితం మీద ముద్ర కొట్టి బల్ల మీద పెట్టాడు. దాని కింద ప్రమాణపత్రం మీద నీలంగా బొటనవేలి ముద్ర, సూది దిగిన చోటల్లా గీతలు తెగి.