కోయిలకుంట్లలో ఐదో రోజు

కుందూ ఏరు పొంగి కోయిలకుంట్ల సంతపేటలోకి నీళ్లొచ్చిన ఏడాది అది. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు.

అప్పటికి సైకిల్ తొక్కడమే నా బతుకు. కర్నూలు నుంచి నంద్యాల దాకా జరిగే రోడ్డు పందెంలో రెండుసార్లు మొదట వచ్చాను. పందేలు లేని నెలల్లో ఊరూరా ఏడు రోజుల ఆట ఆడేవాణ్ణి. మైదానంలో గుండ్రంగా సున్నం గీత గీస్తారు. ఆ గీత వెంట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు దిగకుండా తిరగాలి. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అంతా సైకిల్ మీదే. కాలు నేలకు తగిలితే ఆట పోయినట్టే.

కడపలో పందేల జట్టు పెట్టిన దేవేంద్రప్ప, కోయిలకుంట్ల ఆటలో ఏడు రోజులు నిలిస్తే జట్టులోకి తీసుకుంటానని కబురు పెట్టాడు. జట్టంటే పక్కన తొక్కేవాళ్లుంటారు. ఒక్కణ్ణే ఊళ్లు తిరిగే పని తప్పుతుంది. నాకు కావలసింది అదే.

ఐదో రోజు మధ్యాహ్నం ఏరు పొంగిందని కేక వినపడింది. జనమంతా అటు పరుగెత్తారు. ఆట నడిపించే సైకిల్ షాపు ఖాసిం వలి ఇల్లు ఏటి ఒడ్డునే. "నువ్వు తొక్కుతాండప్పా, అమ్మను మిట్టకు చేర్చి వస్తా" అని అతడూ పోయాడు.

శానాసేపు తిరిగాను. చెయిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎడమ కాలు కింద పెట్టాను. జారలేదు, పడలేదు. పెట్టానంతే. నేల చల్లగా ఉంది. బీడీ కాలేంత సేపు నిలబడి, మళ్ళీ తొక్కాను.

సాయంత్రం నడుము దాకా తడిసి వచ్చిన ఖాసిం వలి, వాళ్లమ్మ క్షేమమని చెప్పాడు. తర్వాత, మళ్ళీ మైదానంలో చేరిన జనం వైపు తిరిగాడు.

"చూడండప్పా, చూసేవాడు లేకున్నా ఈయప్ప దిగలేదు."

"దిగితే యాడికి పోతాడులే," అన్నాడొక ముసలాయన. "ఇల్లుంటే గదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గీత వెంట తొక్కుతూనే ఉన్నాను.

మరునాడు పొద్దున జనం చేరాక ఖాసిం వలి ఆరో రోజని గట్టిగా చెప్పాడు. నేను సైకిల్ ఆపి రెండు కాళ్లూ కింద పెట్టాను.

"ఏమప్పా, ఏమైంది?"

"నిన్ననే దిగినా."

మోకాళ్లు పట్టేసి మళ్ళీ ఎక్కలేకపోయాను. సైకిల్ తోసుకుంటూ కర్నూలు దారిన నడిచాను.