పుర్రెల మేడకు మొలిచిన గది

భీమిలి పుర్రెల మేడకు ఈ ఉదయం మరో గది మొలిచింది. సముద్రం వైపు గోడకు ఆనుకుని, ఇంకా ఆరని సున్నంతో, వీధివైపు ఒక కిటికీతో ఉంది. ఎదురుగా టీ కొట్టు నడిపే అప్పలనరసమ్మకు అందులో వింతేమీ కనిపించదు.

"నిన్న నానే అన్నాను కదమ్మా, ఆల్లు లోపల మేకల్ని పెంచుతున్నారని," అంటుంది పైడికుమారికి గ్లాసు అందిస్తూ. "మేకలకి సోటుండాల గదా మరి."

కొత్త కిటికీలోంచి ఒక మేక తల బయటపెట్టి వీధిని చూస్తోంది.

పైడికుమారి కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఆ మేడలో ఒకప్పుడు కొలువుతీరిన మౌనసభ అనే రహస్య సంఘం గురించి ఇవాళ సాయంత్రం గ్రంథాలయంలో ఉపన్యాసం ఇవ్వాలి. ఊరు చెప్పుకునే కథలన్నీ ఆమెకు తెలుసు. సభ్యులు పుర్రెల్లో సారా పోసుకుని తాగేవారట. తెల్లదొరల్ని తోలుబొమ్మల్లా ఆడించేవారట. లోపలికి వెళ్లినవాడు తన పేరు మరిచిపోతాడట. అసలు వాళ్లు లోపల ఏం చేసేవారన్నది మాత్రం ఆమెకు తెలియదు. ఆ తలుపు తట్టడానికి ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు.

కారణం ఆమె తండ్రి నూకరాజు. పడవల ఇంజిన్లు బాగుచేసేవాడు. ఆమె చిన్నప్పుడు ఒక ఇంజిన్ పరీక్షించడానికి సముద్రం మీదికి వెళ్లాడు. పడవ మాత్రమే తిరిగొచ్చింది. "మీ నాన్నని సముద్రం ఏటీ సెయ్యలేదు," అంది తల్లి అప్పుడు ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని. "మేడలో సేరిపోనాడు. ఒట్టేసుకున్నాడు గావాల, బయటికి రాడు." ఊరు ఆ మాట అందుకుంది. తల్లి పోయినా మాట నిలిచింది.

టీ తాగి, పైడికుమారి వీధి దాటి తలుపు తడుతుంది.

తలుపు తీసినాయన మౌనసభ అధ్యక్షుడు. తలపాగా, నల్లకోటు, చేతిలో ఒక పుర్రె. దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"రండమ్మా. చెప్పులు విప్పనక్కర్లేదు. ఇక్కడి నేల గురించి ఎవరూ ఇంకా ఏమీ అనుకోలేదు."

నిజమే. కాళ్ల కింద నేల లేదు. నడకకు ఇబ్బందేమీ లేదు.

ఆయన ఒక్కో గదీ చూపిస్తాడు. పుర్రెల గది, దొరల్ని ఆడించిన తాళ్లు వేలాడే గది, పేర్లు మరిచిపోయినవాళ్లు ఒకరినొకరు "ఏమండీ" అని పిలుచుకునే గది. ఊళ్లో ఎవరు ఏమన్నా అది ఇక్కడ మొలుస్తుందట. దుమ్ము దులపడానికే సభ్యులకు పొద్దు చాలడం లేదట.

"ఇంతకీ మీ రహస్యం ఏమిటండీ?"

అధ్యక్షుడు గొంతు తగ్గిస్తాడు. "కలిసి తినేవాళ్లం తల్లీ. బ్రాహ్మడూ, బెస్తవాడూ, మాలవాడూ, తురకవాడూ, ఒకే పళ్లెంలో చేపల పులుసు. ఆ రోజుల్లో తెలిస్తే వెలేసేవాళ్లు. వాసన బయటికి పోకుండా తలుపులు మూసుకున్నాం. మూసిన తలుపు చూశాక ఊరు ఊరుకుంటుందా? నిజం చెప్పేసి మమ్మల్ని ఇళ్లకు పంపించు."

"చెబితే ఈ గదులన్నీ పోతాయా?"

"అన్నీ." ఆయన చివరి తలుపు తీసి పక్కకు జరుగుతాడు.

లోపల నూకరాజు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు. పోయిన నాటి వయసే, ఇప్పుడు కూతురికన్నా చిన్నవాడు. ఆయన కదిలినప్పుడల్లా కుర్చీ ఆమె తల్లి గొంతుతో కిర్రుమంటోంది.

"ఎంత పెద్దదానివైపోనావే గుంటా," అంటాడు.

"నాన్నా, నువ్వు సముద్రంలో పోయావా?"

"నాకేటి తెలుసు? మీ యమ్మ సెప్పిన మాట మీద కూకున్నాను. లేస్తే తెలుస్తాది."

"లేవాలని ఉందా?"

ఆయన చేతుల గ్రీజు చూసుకుంటాడు. "ఇంజినెందుకు ఆగిపోనాదో సూడాలని ఉందే. ఈడ కూకుంటే అది తెలవదు."

ఆమె ఆయన చేతులు పట్టుకుంటుంది. గ్రీజు వెచ్చగా ఉంది. కూర్చోమనీ అనలేదు, లేవమనీ అనలేదు. అలా చాలాసేపు పట్టుకుని, వదిలేసి, గ్రంథాలయానికి నడుస్తుంది.

హాలు నిండా జనం. పుర్రెల గురించి వినడానికి వచ్చారు. ఆమె చేపల పులుసు గురించి చెబుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ముల్లు గుచ్చుకుంటే ఎవరు ఎవరికి అన్నం ముద్ద అందించారో, తాను చూసినట్టే చెబుతుంది. కిటికీలోంచి మేడ కనిపిస్తూనే ఉంది. ఒక్కో మాటకూ ఒక్కో గది ఉతికిన చీరలా మడత పడి మాయమవుతోంది. తలుపులోంచి సభ్యులు మూతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఎవరి వీధికి వాళ్లు పోతున్నారు. ఇళ్లు పోయిన మేకల్ని అప్పలనరసమ్మ టీ కొట్టు గుంజకు కట్టేసుకుంటోంది.

ఒక్క గది మిగిలింది. పైడికుమారి గ్లాసెడు నీళ్లు తాగుతుంది. జనం ఎదురుచూస్తున్నారు.

"మా నాన్న మౌనసభలో చేరలేదు," అంటుంది. "సముద్రంలో పోయాడు." కిటికీ అవతల ఆ చివరి గదీ మడత పడి మాయమవుతుంది.

ముందు వరుసలో ఎవరో ముసలామె "అయ్యో తల్లీ" అంటుంది. ఇన్నేళ్లలో ఆమెతో ఎవరూ అనని మాట అది. పైడికుమారి అందరి ముందూ ఏడుస్తుంది. తరువాత ముఖం కడుక్కుని, ఇంటికి పోబుద్ధి కాక, ఒడ్డుకు వెళ్తుంది.

సముద్రం చాలా దూరం వెనక్కి జరిగి ఉంది. తడి ఇసుక మీద, పొడి బట్టలతో, అది తీసుకుపోయినవాళ్లందరూ వరుసలుగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే, ఉపన్యాసం విన్నవాళ్లలా, ప్రశ్న అడగడానికి అందరూ చేతులు ఎత్తుతారు.

అందరికన్నా ముందు ఎత్తిన చేతికి గ్రీజు ఉంది.

"అడగండి," అంటుంది ఆమె.

నూకరాజు లేచి నిలబడి నోరు తెరుస్తాడు. ఒడ్డున దీపస్తంభం మీద దీపం తిరుగుతోంది. దాని వెలుగు ఒక్కొక్కరి ముఖం మీదుగా, తొందరేమీ లేకుండా, ఆమె వైపు వస్తోంది.