కొసరు చెంచా

పెద్ద వరద త్రాసుల దుకాణంలోకొచ్చి తూనికరాళ్ళన్నిటికీ తుప్పు పట్టించిపోయిన మరుసటేడు జరిగిన సంగతి ఇది.

త్రాసులు బాగుచేసే ముసలాయన్ని వీధిలో అందరూ తూకం తాత అనేవారు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. అనుమానాలకు మాత్రం లోటు లేదు. ఆ ఏడు ఆయన అనుమానం కోడలి మీద పడింది.

మనవరాలికి ఎనిమిదో నెల. కోడలు కుట్టు కార్ఖానాకు మళ్ళీ వెళ్ళడం మొదలెట్టాక పిల్లకు డబ్బా పాలే. సీసాలో ఇంకా రెండు గుక్కలుండగానే పిల్ల మూతి తిప్పుకుంటే, కోడలు అక్కడితో ఆపి మిగిలినవి పారబోసేది. ఏడ్చినా వెంటనే సీసా పెట్టకుండా, చాప మీద బోర్లా వేసి ముందుకు బంతి దొర్లించేది.

"ఏడ్చిందల్లా ఆకలి కాదని నర్సమ్మ చెప్పింది మామయ్యా" అనేది.

"ఆఁ, చెప్పింది! పిల్ల కడుపు మాడుస్తూ నర్సు మీదికి నెడుతోంది" అని తాత పెళ్ళాం, ఆ ముసలావిడ, మొగుడి చెవినిల్లు కట్టుకుని పోరేది. చివరికి కోడలి మొహం మీదే అనేసింది. "రేపు నర్సొచ్చి తూస్తుందిగా! బరువు తగ్గిందో, పాలసీసా నా చేతికొస్తుంది, పిల్ల నా పక్కలోకొస్తుంది. నువ్వు నీ మిషను తొక్కుకో."

"సరే అత్తయ్యా" అంది కోడలు. పిల్లను మాత్రం గట్టిగా హత్తుకుంది.

నర్సు వచ్చి తూచింది. పిల్ల బరువు కార్డు మీద గీత చూసి ముక్కున వేలేసుకుంది.

"తగ్గడమా? రెండు నెలల్లో ఉండాల్సిన గీత దాటి ఎగబాకింది! పాలల్లో ఏం కలుపుతున్నావమ్మా? ఇప్పట్నుంచే ఇలా ఒళ్ళు చేయనిస్తే, రేపు బడి పిల్లలతో పరుగెత్తలేక ఆయాసపడుతుంది."

"ఏమీ కలపట్లేదండీ. డబ్బా మీద రాసినట్టే, ఆరు చెంచాలు."

"చూశారా! మాడుస్తోందనుకుంటే కుక్కుతోంది" అంది ముసలావిడ. "ఎలాగైనా సీసా నాదే."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సంగతి తేలేదాకా సీసా కోడలి దగ్గరే ఉండనీమన్న తాత, ముందు నర్సు కాటానే అనుమానించాడు. అక్కడికక్కడే, వరద తర్వాత కొన్న తన కొత్త రాళ్ళు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత పెళ్ళాన్ని అనుమానించాడు. చాటుగా పాలల్లో పంచదార కలుపుతోందేమోనని, పంచదార డబ్బా మూత మీద దారప్పోగు పెట్టి రెండు రోజులు కాపు కాశాడు. పోగు కదల్లేదు. ఇక మిగిలింది కోడలే. సాయంత్రం ఆమె పాలు కలుపుతుంటే తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాడు. ఆరే చెంచాలు. ప్రతి చెంచానూ చాకు వెనక వైపుతో సమానంగా గీసి మరీ వేసింది.

అప్పుడు చెంచా మీద పడింది చూపు.

డబ్బాతో వచ్చిన చెంచా కాలవలో పడిపోతే, రెండు నెలల కిందట రేకు కత్తిరించి ఆయనే చేసిచ్చాడది. ఆ పైన కొన్నవన్నీ చెంచా రాని పొట్లాలే. కోడలు పక్కకెళ్ళగానే చెంచాడు పొడి తీసుకెళ్ళి చిన్న త్రాసులో వేశాడు. చదివింది మూడో తరగతే అయినా డబ్బా మీది అంకెలు తెలుసు. నాలుగున్నర గ్రాములుండాల్సిన చోట ఆరు తూగింది.

నూనె కొలతైనా గింజల కొలతైనా, నలభై ఏళ్ళుగా అంచు గోరంత పైకి తీసి చేయడం ఆయన చేతి అలవాటు. కొసరు లేని కొలత పిసినారి కొలతని ఆయన పట్టింపు. ఆ చెయ్యే మనవరాలి చెంచాకూ కొసరు వేసింది.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళిద్దరినీ దుకాణంలోకి పిలిచాడు.

"తప్పు నాది. చెంచాకి కొసరేశాను."

ముసలావిడ నోరు తెరిచింది. "నలభై ఏళ్ళుగా నాతో ఒక్క మాటకి కొసరెయ్యని మనిషి, పాలపొడికేశారా!"

ఆయన చెంచా అందుకున్నాడు. కత్తెరతో అంచు తీసేసి, ఆకురాయితో నున్నగా రాసి, మూడుసార్లు తూచాడు. ముల్లు నాలుగున్నర మీద ఆగాక చెంచాను వేణ్ణీళ్ళలో కడిగి కోడలి చేతిలో పెట్టాడు. ఆమె పాలు కలిపి పిల్లకు పట్టింది. పిల్ల రెండు గుక్కలు మిగిల్చి మూతి తిప్పుకుంది. ముసలావిడ చెయ్యి సీసా మీదికి వెళ్ళబోయింది. ఆయన తనే అందుకుని, ఆ రెండు గుక్కలూ పారబోసి వచ్చాడు.