ఇటుక పడకముందే గృహప్రవేశం

నేను ఒక ఇంటిని. డాబా ఇంటిని. నాకు హాలుంది, మెట్లున్నాయి, మేడ మీద పిట్టగోడ ఉంది, ఆఖరికి బాత్రూములో సబ్బు పెట్టుకునే గూడు కూడా ఉంది. లేనివల్లా ఇటుక, ఇసక, సిమెంటు. కంప్యూటర్లో పుట్టాను కాబట్టి వాటి అవసరం పడలేదు. త్రీడీ బొమ్మ అని నన్ను తేలిగ్గా తీసిపారేసేవాళ్ళున్నారు. అననివ్వండి. ముందు మీ ఇంట్లో ఒక్క గోడైనా తిన్నగా ఉందేమో చూసుకుని అప్పుడు మాట్లాడండి.

నన్ను తయారుచేసింది మందాకిని. కాకినాడలో ఒక బేకరీ మేడ మీద ఆమె ఆఫీసు. ఇంజనీరు గీసిచ్చిన కాగితాలు పక్కన పెట్టుకుని, గీతలన్నీ ముందు తెర మీదకి ఎక్కించింది. ఒక్కో గీతనీ పట్టుకుని పైకి లాగితే గోడయింది. గోడకి కన్నం పెడితే గుమ్మమైంది. కిటికీలకి ఊచలు, గోడలకి స్విచ్చిబోర్డులు, ఎంత శ్రద్ధంటే గ్యాసుబండ పట్టే చోటు కూడా కొలిచి మరీ వదిలింది. అక్కడే ఒక చిక్కొచ్చింది. పైనుంచి చూపించే ప్లానులో వంటింటికి తూర్పున కిటికీ ఉంది. ఇంటి ముందుభాగం చూపించే కాగితంలో అదే చోట ఉత్త గోడ ఉంది. ఫోను చేస్తే, రెండూ కరెక్టేనండీ, మీకేది అందంగా ఉంటే అది పెట్టేయండి అన్నాడు ఇంజనీరు.

సరే, ఇంటివాళ్ళనే అడుగుదామనుకుంది మందాకిని. ఇంటాయన పేరు గుర్నాథం. టెంట్‌హౌసు నడుపుతాడు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా షామియానా ఆయనదే, తను ఉండేది మాత్రం అద్దె వాటాలో. ఆ అద్దింటి వంటగదికి కిటికీ లేదు. ఆయన భార్య మాణిక్యం పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ గోడకేసి చూస్తూనే వండుతోంది. కొత్తగా కొన్న స్థలానికి ఎదురుగా ఒక వీధి తిన్నగా వచ్చి, సరిగ్గా వంటిల్లు రావలసిన చోట ఆగుతుంది. కిటికీ సంగతి అడగ్గానే మాణిక్యం మొహం ఇంతయింది.

"పెట్టమ్మా. తాలింపేసుకుంటా వీధి చివరిదాకా చూసుకుంటాను. ఈ ఇంట్లో నాకింకేటీ అక్కర్లేదు," అంది.

మందాకిని పెట్టింది. నాలో ఇన్ని తలుపులూ గదులూ ఉన్నాయి గానీ, ఒక మనిషి మనసారా కోరుకున్నది ఆ కిటికీ ఒక్కటే. అదంటే నాకూ ప్రాణం.

సుఖంగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? వాస్తు చూపించడానికి గుర్నాథం, మాణిక్యంతో పాటు సోమయాజులు సిద్ధాంతిగారిని కూడా ఆఫీసుకి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన తెర చూస్తూనే తూర్పెటు అని అడిగారు. మందాకిని తెరలో కుడివైపు చూపించింది. ఆయన జేబులోంచి దిక్సూచి తీసి చూసి, అటు కాదమ్మా, బేకరీ మెట్లున్న వైపు తూర్పు, ఇల్లు తప్పు దిక్కుకి తిరిగి ఉంది అన్నారు. తెరలో తూర్పు వేరు, ఊళ్ళో తూర్పు వేరు అని ఆమె నచ్చజెప్పబోయింది. లోకానికి ఎన్ని తూర్పులుంటాయమ్మా అని ఆయన నవ్వారు. చివరికి బల్లని గోడవైపు తిప్పి, నా తూర్పుని ఊరి తూర్పుతో కలిపాక గానీ ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. బల్లకీ గోడకీ మధ్య సందులో నలుగురూ ఇరుక్కుని నిలబడి నన్ను పరీక్షించారు.

ఆ పూట నా అవయవాలేవీ ఉన్నచోట లేవు. మెట్లు నైరుతికి పోయాయి. బాత్రూము ఇల్లంతా తిరిగి, ఎక్కడా కుదరక, కాసేపు ప్రహరీ గోడ మీద కూర్చుంది. అన్నీ అయ్యాక సిద్ధాంతిగారు తెరలో నా ముందు గీసి ఉన్న ఎదురువీధిని చూసి గుండె పట్టుకున్నారు. తూర్పు ఆగ్నేయం వీధిపోటట. వీధి తిన్నగా వచ్చి ఇంటిని పొడుస్తుందట, దాని వెంట అరిష్టాలన్నీ వచ్చి ఆ కిటికీలోంచి లోపలికి దూరతాయట. మూసేయమన్నారు. మాణిక్యం ఏదో అనబోతే, పెద్దవాళ్ళు చెప్తున్నారు కదా అని గుర్నాథం ఆపేశాడు. మందాకిని వేలు కదిపింది, కిటికీ పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మాణిక్యం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి సిద్ధాంతిగారే మళ్ళీ వచ్చారు. మాఘం దాటితే మూఢమనీ, ఆపైన గుర్నాథం జాతకంలో గృహయోగం చాన్నాళ్ళదాకా లేదనీ, ఈ నెలలోనే గృహప్రవేశం జరిగిపోవాలనీ అన్నారు. ఇంకా అనుమతులే రాలేదు, పునాది తియ్యలేదు, ఇల్లేదండీ అన్నాడు గుర్నాథం. సిద్ధాంతిగారు నావైపు వేలు చూపించారు.

టెంట్‌హౌసు వాడికి ఇదొక లెక్కా? ఖాళీ స్థలంలో షామియానా లేచింది. కుర్చీలు పడ్డాయి. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పెద్ద ఎల్‌ఈడీ తెర నిలబెట్టి, దాన్నిండా నన్ను చూపించి, పైన మామిడాకులు కట్టారు. చుట్టాలు వచ్చి కూర్చుని, ఇల్లు బాగుంది, గాలి భలే వస్తోంది అని మెచ్చుకున్నారు. ఆవుని తోలుకొస్తే అది నా గుమ్మంలోకి తిన్నగా నడిచి, తెరకి ముక్కు కొట్టుకుని, నా వరండాని ఓసారి నాకి, వెనక్కి తిరిగిపోయింది. ప్రవేశించినట్టేనని తేల్చారు సిద్ధాంతిగారు. తరవాత కంప్యూటరు ముందు కూర్చున్న మందాకినిని కుడికాలు ముందు పెట్టి లోపలికి తీసుకెళ్ళమన్నారు. మౌసుకి కాళ్ళుండవండీ అంది ఆమె. అయితే కుడిచేత్తో తిప్పమ్మా అన్నారాయన.

హాలు దాటి అందరూ నా వంటింట్లోకి వచ్చారు. తెర ముందు స్టవ్వు పెట్టి, కొత్త గిన్నెలో పాలు పోసి, మాణిక్యం చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. ఆవిడ పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని తలెత్తి చూసింది. ఎదురుగా తెరనిండా ఉత్త గోడ. అగ్గిపెట్టె కింద పెట్టేసింది.

"ఈ గోడ ముందు నేను పాలు పొంగించనండి."

ముహూర్తం దాటిపోతోందని గుర్నాథం బతిమాలాడు. ఆడపడుచులు బుజ్జగించారు. సిద్ధాంతిగారు వీధిపోటు సంగతి మళ్ళీ ఎత్తారు.

"ఏమొత్తాదండి ఆ వీధిలోంచి?" అంది మాణిక్యం. "కూరగాయల బండొత్తాది. ఇస్కూలు పిల్లలొత్తారు. ఇన్నేళ్ళూ గోడకేసి చూత్తా వండేను. ఇక నా వల్ల కాదండి."

చుట్టాలు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. సిద్ధాంతిగారు గడియారం చూసుకున్నారు. తను పెట్టిన ముహూర్తం ఇంతమంది ముందు తప్పిపోతే ఊళ్ళో ఇంకెవరు పిలుస్తారు? చెమట తుడుచుకుని, శాస్త్రం ఇటుక గోడలకే గానీ వెలుగు గోడలకి కాదనీ, ప్రస్తుతానికి తెరిచి, కట్టేటప్పుడు మూసేసుకోవచ్చనీ సెలవిచ్చారు. ఆయన మాట పూర్తయ్యేలోపే మందాకిని కిటికీ తెరిచేసింది. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! మాణిక్యం స్టవ్వు వెలిగించింది. పాలు పొంగాయి, సన్నాయి అందుకున్నారు.

ఆవిడ గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ మహా వినయంగా అడిగింది.

"సిద్ధాంతిగారూ, గృహప్రవేశం అయిన ఇంట్లో గోడలు మార్చొచ్చాండి?"

"తప్పమ్మా. పాలు పొంగాక ఏడాది తిరిగేదాకా మేకు కూడా..." అంటూ ఆయన మధ్యలో ఆగిపోయారు.

"అదేనండి," అంది మాణిక్యం.

ఆ ఏడాదిలోపే ఇల్లు లేచింది, కిటికీతో సహా. మళ్ళీ గృహప్రవేశం చెయ్యలేదు. ఒకే ఇంట్లోకి రెండుసార్లు ఎలా ప్రవేశిస్తారు? నన్ను పెన్‌డ్రైవులోకి ఎక్కించి పూజగదిలో పెట్టారు. శుక్రవారం శుక్రవారం పసుపూ కుంకుమా అద్దుతారు. ఆ పసుపు పెన్‌డ్రైవు మూతిలో గట్టిపడిపోయి, ఇక నన్ను ఏ కంప్యూటరూ తెరవలేదు. మొదట్లో ఏడుపొచ్చేది, తరవాత అలవాటైపోయింది. పక్కనే వంటిల్లు. మాణిక్యం తాలింపు వేస్తూ వీధిలో వాళ్ళతో ఆడే కబుర్లన్నీ నాకు వినపడతాయి.

ఆ వీధిలోంచి ఏం వచ్చి పడుతుందని సిద్ధాంతిగారు అంత భయపడ్డారో గానీ, రోజూ పొద్దున్నే తిన్నగా వచ్చి ఆ కిటికీ ముందు ఆగేది ఆయన స్కూటరే. ఊచల్లోంచి కాఫీ గ్లాసు అందుకుని, ఈ కిటికీ నేను పెట్టించబట్టే మీకు ఇల్లు ఇంతగా కలిసొచ్చిందమ్మా అంటారు. అవునండి అంటూ మాణిక్యం ఇంకాస్త పోస్తుంది.