ఏడో క్యూబిట్

శిల్పను మామగారు సుందరరామయ్య ఎక్కడా కట్టెయ్యలేదు. ఆత్మకూరు బజారులో హోల్‌సేల్ కొట్టు, దాని మీద ఇల్లు, ఆ పైన మేడగది. ఆ గదికి ఏసీ, ఇన్వర్టర్, రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టించింది ఆయనే. "మా కోడలు సరిచెయ్యకపోతే బెంగళూరులో ఆ మిషను పలకదు" అని ఉదయగిరి నుంచి బెల్లానికి వచ్చిన వాళ్ళకు కూడా చెప్పుకుని మురిసిపోతాడు. ఇంత బాగా చూసుకునే మనుషుల మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో పాపం శిల్పకు తెలియదు.

ఆ మిషను క్వాంటం కంప్యూటరు. ఊహకందని చలిలో పెట్టిన చిప్పు మీద క్యూబిట్లుంటాయి, సున్నా, ఒకటి అనే రెండు మెట్ల మధ్య తిరుగుతూ లెక్కలు చేసే బుల్లి భాగాలు. ఒక్కోదాన్ని మైక్రోవేవ్ పల్సుతో సరిగ్గా సగం చుట్టు తిప్పాలి. పల్సు కాస్త పెద్దదైతే దాటిపోతుంది, చిన్నదైతే చేరదు. నిన్న సరిపోయింది ఇవాళ సరిపోదు. అందుకని రోజూ కూర్చుని అన్నిటినీ మళ్ళీ సరిచూసేది శిల్ప. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పని. ఆ చిప్పును మాత్రం ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు.

బెంగళూరులో ఆ మిషనున్న ల్యాబుకు పోయి అక్కడే ఉండి పనిచెయ్యాలని ఆమెకు పిచ్చి కోరిక. అడిగితే మామగారు కాదనలేదు.

"అక్కడే అయ్యే పనైతే పోమ్మా, నేనే వచ్చి దింపొస్తా. ఇక్కడే అయ్యేదానికి అంత దూరం దేనికి?" అన్నాడు. భర్త మురళీకృష్ణ తలూపాడు. అంత న్యాయంగా చెప్పాక ఎవరు మాత్రం ఏమంటారు?

ఆ వారం ఏడో క్యూబిట్ మొండికేసింది. పల్సు కొట్టినప్పుడల్లా, ఉండాల్సిన రెండు మెట్లూ వదిలేసి పై మెట్టు మీదికి ఎగబాకుతోంది. ల్యాబులో శిల్ప పైఅధికారి దివ్యశ్రీ ఫోన్ చేస్తే, శిల్ప స్పీకరులో పెట్టి మాట్లాడింది.

"కేబుళ్ళలో ఏదో లోపం ఉందేమో. అక్కణ్ణుంచి కాదంటే చెప్పు శిల్పా, వెంటనే ఇక్కడికి పిలిపిస్తాను. ఇక్కడే ఉండిపోదువు."

భోజనానికి పిలవడానికి వచ్చిన మామగారు గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు. "పిలస్తా ఉండారా? అయితే సర్దుకోవాల్సిందే" అన్నాడు.

కాదు. ఇక్కణ్ణుంచి కాదని ఆ ఒక్క మాట దివ్యశ్రీతో అంటే చాలు, బెంగళూరు పోవచ్చు.

కానీ తప్పు కేబుళ్ళది కాదని శిల్పకు తెలుసు. పల్సు మరీ నిటారుగా లేచి, నిటారుగా పడుతోంది. ఆ అంచుల్ని మెత్తబరిచి, వాటి వాలుకు తగ్గట్టు ఇంకో చిన్న పల్సు జతచేస్తే దారికొస్తుంది. ఎదురుగా తెర మీద గీత వంకరగా ఉంది. తప్పుగా ఉన్నదాన్ని చూస్తూ చూస్తూ వదిలెయ్యడం ఆ చేతులకు చేతకాదు. అంకెలు మార్చింది, అదే పల్సును వరసగా మళ్ళీ మళ్ళీ కొట్టి చూసింది. గీత చక్కబడింది.

"భలే చేశావ్! ఇంక రానక్కర్లేదు" అని సంతోషంగా ఫోన్ పెట్టేసింది దివ్యశ్రీ.

శిల్పకు తన చేతుల మీద తనకే ఒళ్ళు మండింది. ఏడుపొచ్చింది.

"చూసినావా, ఇక్కడే అయిపొయ్యింది!" అన్నాడు మామగారు.

"అయిపొయ్యింది మామయ్యా. రేపూ ఇక్కణ్ణుంచే అవుతాది. అయినా నాకు పోవాలని ఉండాది."

"అవసరం ఏముండాదమ్మా?"

"ఏం లేదు. నాకిష్టం, అంతే."

ఆయన, అప్పుడే మెట్లెక్కి వచ్చిన కొడుకు వైపు చూశాడు. మురళీకృష్ణ తన ఫోన్ వైపు చూసుకున్నాడు. కింద నుంచి అత్తగారు సుబ్బరత్నమ్మ కేకేసింది: "ముందు అన్నానికి రాండి, చల్లారిపోతాది!"

అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి ఇంటిల్లిపాదీ ఆమె పెట్టె సర్దుతూ ఉండేవాళ్ళు. నిజం చెప్పినందుకు అన్నంలో నెయ్యి ఒక గరిటె ఎక్కువ పడింది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.